మెరవణి బండి

కుప్పంలో పెండ్లి ఊరేగింపు బజారు మధ్యకు వచ్చేసరికి బండి ఆగిపోయింది. ఇంజను రెండుసార్లు దగ్గినట్టయి ఊరుకుంది. ముందు వాయిస్తూ నడుస్తున్న పలకలవాళ్ళకు ఆ సంగతి తెలియలేదు. కొంత దూరం పోయి, వెనక ఎవరూ రావడం లేదని చూసి తిరిగి వచ్చారు. స్టీరింగు దగ్గరున్న మా బావ తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. వెనక సీట్లో పెండ్లికొడుకూ పెండ్లికూతురూ ముందుకే చూస్తూ కూర్చున్నారు.

"బానెట్టు ఎత్తాలప్పా," అన్నాడు బావ, పక్క సీట్లో ఉన్న నాతో.

బానెట్టు ఎత్తాలంటే దాని మీద అడ్డంగా కట్టిన పూలమాలలు తెంచాలి. బండి పక్కన నడుస్తున్న పెండ్లికూతురి అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"మెరవణిలో మాల తెంచుతారా యాడన్నా? బిడ్డ ఇల్లు చేరినాంక తెంచుకో."

"తెంచకపోతే బండి కదలదమ్మా."

"కదలకపోతే మానె."

పలక తాడు మెడలో సర్దుకుంటూ ఒకాయన, "సిగ్గుపడతాండాది లేప్పా, ఇదీ పెండ్లికూతురే గదా," అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వబోయాడు.

చివరికి పెండ్లికొడుకు చిన్నాయన తన కొత్త కారు తెప్పించాడు. జంట మా బండి దిగి దాంట్లో ఎక్కింది. మెరవణికి ఎక్కిన బండి ఇల్లు చేరేదాకా దిగకూడదని మా వైపు పట్టింపు. అక్కడున్న అందరికీ అది తెలుసు. పలకలు మళ్ళీ మోగాయి. ఊరేగింపు మమ్మల్ని దాటుకొని ముందుకు పోయింది.

బావ అంటే మా అక్క భర్త. చౌడేపల్లె దగ్గరి పల్లెలో మెట్ట చేను, నాలుగు ఆవులు. ఆ తెల్ల అంబాసిడర్ వాళ్ళ నాయన కొన్నది. పెండ్లికి బండి అడిగితే కాదనకూడదని, బాడుగ ముట్టకూడదని ఆ పెద్దాయన పెట్టుకున్న నియమం. టెంకాయ, ఆకూవక్క, ఒక తువ్వాలు ఇస్తే చాలు. మా అక్క కూడా ఆ బండిలోనే అత్తగారింటికి పోయింది. పుంగనూరు మొదలుకొని రామసముద్రం దాకా చాలా ఇళ్ళలో కోడండ్లు దాంట్లోంచి దిగినవాళ్ళే. ముహూర్తం పెట్టుకున్నవాళ్ళు బావ దగ్గరకు వచ్చి, "నీ బండి ఖాళీగా ఉండాదా?" అని అడిగేవాళ్ళు. పంచాయితీల్లో ఆయన మాట చెల్లేదేమీ లేదు. ఊళ్ళో ఆయన్ను వెతుక్కుంటూ మనుషులు వచ్చేది ఆ ఒక్క మాట కోసమే.

ఊరేగింపు బండికి వేగం అక్కర్లేదు. మనుషుల నడకతో సమానంగా, పలకలు ఆగిన చోట ఆగుతూ, ఇంజను చావకుండా గంటల తరబడి సాగాలి. అంత నెమ్మదిలోనూ పెట్రోలును గాలితో సరిగ్గా కలిపి ఇంజనుకు అందించే పని కార్బొరేటర్‌ది. బండితో వచ్చిన కార్బొరేటర్ అరిగిపోయింది. దాని కడ్డీ వదులై, పక్కల నుంచి గాలి పీల్చేది. అలాంటిది మళ్ళీ దొరకలేదు. మదనపల్లె మెకానిక్ బెంగళూరు నుంచి ఇంకెవరో చేసిన కొత్తది తెప్పించాడు. అది వేరే ఇంజను కొలతకు చేసింది. అతకడానికి ఇంజనుకూ దానికీ మధ్యలో అల్యూమినియం పలక ఒకటి కోయించి బిగించాడు.

అతని షెడ్డు టమోటా మార్కెట్టు వెనక ఉంది. అతని పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. నడుస్తున్న ఇంజను మీద స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టి, స్క్రూ తిప్పుతూ నీళ్ళనే చూసేవాడు. నీళ్ళు వణకడం ఆగితే ట్యూనింగ్ కుదిరినట్టు. టమోటా లారీ పోయిందంటే నేల అదిరి నీళ్ళు వణికేవి. లారీ దాటేదాకా స్క్రూ డ్రైవరు పట్టుకొని ఊరికే నిలబడేవాడు. కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే ఇత్తడి ముక్కను జెట్టు అంటారు. దాని బెజ్జం పెద్దదైతే నల్ల పొగ, చిన్నదైతే దగ్గు. ఎన్ని మార్చాడో లెక్కలేదు.

"జొరం మాదిరి ఉండాదినా. ఒక పక్క తగ్గిస్తే ఇంకో పక్క ఎక్కతాండాది," అన్నాడు.

"నాకు నడిస్తే సాలప్పా. పరిగెత్తబల్లేదు."

"పరిగెత్తమను, ఇప్పుడే పరిగెత్తిస్తా. నడిపించేదే కష్టం."

ఒక చల్లని ఉదయం గ్లాసులో నీళ్ళు నిలిచాయి. బావ ఆ గ్లాసు తీసుకొని నీళ్ళు తాగేశాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి పెండ్లి కుప్పంలోది.

కుప్పం నుంచి బండిని లారీ మీద మదనపల్లెకు చేర్చాం. మెకానిక్ కార్బొరేటర్ జోలికి పోకుండా ముందు పెట్రోలు ట్యాంకు మూత తీశాడు. గాలి లోపలికి పోవడానికి ఆ మూతకు సన్నని బెజ్జం ఉంటుంది. దాన్నిండా పసుపు ముద్ద ఎండి రాయిలా ఉంది. ఏటా ఆయుధపూజకు బావ బండికి పసుపూ కుంకుమా పెడతాడు. ఈసారి కొత్త కార్బొరేటర్ వచ్చిన సంతోషంలో పెట్రోలు దారిలో ఉన్న ప్రతి వస్తువుకూ పెట్టాడు. గాలి పోకపోతే పెట్రోలు రాదు. మెకానిక్ సూదితో ఆ ముద్ద తీస్తుంటే బావ ముఖం చాలా రోజుల తర్వాత తేటపడింది.

ఇంటికి వచ్చాక అక్క, "పూజ చేస్తే బండి ఆగిందని యాడన్నా చెప్పుకునేవు, ఊరుకో," అంది.

"చెప్తే ఏమి? పసుపే గదా. బండిది తప్పు లేదని తెలస్తాది."

అది తేల్చుకోవడానికి పుంగనూరు బజారులో మాకు మేమే ఒక ఊరేగింపు చేశాం. మధ్యాహ్నం ఎండ. అక్క వెనక సీట్లో కూర్చుంది. పలకలవాళ్ళ బదులు బండి ముందు నేను నడిచాను. టీ అంగడి దగ్గర ఒకాయన, "ఏమమ్మా, మళ్ళా పెండ్లా?" అని అడిగాడు.

"అవునప్పా, పెండ్లికొడుకు మాత్రం పాతోడే," అంది అక్క.

అంగడి దాటిన కాసేపటికి వెనక దగ్గు వినిపించింది. నేను తిరిగి చూడలేదు. ఆ దగ్గు నాకు తెలుసు.

ఈసారి మాలలు లేవు కాబట్టి బానెట్టు ఎత్తాం. పెట్రోలు పైపు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. తడిగుడ్డ చుట్టి, చల్లారేదాకా కూర్చుంటే స్టార్టయింది. వీధి చివర మళ్ళీ ఆగింది. బావ మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

"వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతాండాదినా," అన్నాడు మెకానిక్. "ఇప్పటి పెట్రోలు గూడా ముందరి మాదిరి లేదు."

"అయితే ఏం చేస్తామప్పా?"

"ఏం చెప్పేదినా. కార్బొరేటర్ ఆ బండిది కాదు. పెట్రోలు ఆ కాలంది కాదు. మధ్యలో నేను స్క్రూ తిప్పతాండా."

కుప్పంలో ఆపింది పసుపో, వేడో, కార్బొరేటరో ఇప్పటికీ తేలలేదు. తేలినా పెద్ద తేడా ఉండదు. ఆ పెండ్లి తర్వాత బండి కోసం మనిషి రాలేదు. రామసముద్రంలో ఒక ఇంటికి అవ్వా, తల్లీ ఇద్దరూ ఈ బండిలోనే కోడండ్లుగా వచ్చారు. ఇప్పుడు ఆ ఇంటి అబ్బాయికి పెండ్లి. అడగకుండా బండి ఇస్తానని పోవడం బావ వాళ్ళ నాయన కాలం నుంచి లేదు. అయినా బావ పోయాడు. వాళ్ళు కాఫీ ఇచ్చి, "సూస్తాంనా, పిల్లోడు ఏమంటాడో," అన్నారు.

"వాళ్ళొచ్చి అడిగితే ఏం చేస్తావు బావా? ఎండలో ఇంజను నిలవదు కదా," అన్నాను.

"రానీప్పా ముందు."

రోజూ పాలు పోసి వచ్చి బండి స్టార్ట్ చేస్తాడు. ఇంజను మీద నీళ్ళ గ్లాసు పెట్టి, ఎదురుగా కూర్చుంటాడు. పొద్దున చల్లదనంలో నీళ్ళు నిలుస్తాయి. ఎండెక్కాక వణుకు మొదలవుతుంది.

రామసముద్రం పెండ్లి వచ్చే బుధవారం. వాళ్ళ దగ్గరి నుంచి ఇంతవరకు ఎవరూ రాలేదు.