అంచు ముడుచుకున్న ఆకు

నా నోరు మంచిది కాదు. విజయవాడలో ఒక కాలేజీలో ముప్పై ఏళ్లు బోటనీ చెప్పాను. నన్ను చూస్తే పిల్లలు హడలిపోయేవారు. అదే క్రమశిక్షణ అనుకున్నాను.

కాలేజీ తోటలో ఒక సైకస్ ఉంది. చూడ్డానికి ఈత మొక్కే గానీ ఈతతో దానికి చుట్టరికం లేదు, అసలు పువ్వే పూయదు. దాని ముందున్న రేకు మీద, తోటల్లో పెంచే మామూలు సైకస్‌లలో ఒకదాని పేరు నేనే రాయించాను. ఐదేళ్ల కిందట ప్రాక్టికల్ పరీక్షలో దాని ఆకు పెడితే, ఆటోనగర్ స్పేర్‌పార్ట్స్ వ్యాపారి కూతురు వేరే పేరు రాసింది. కొండల్లో తప్ప దొరకని అరుదైన కొండఈత అట! సున్నా వేశాను. అంతటితో ఊరుకున్నానా? "రేకు మీద అంతంత అక్షరాలతో రాసి ఉంటే కళ్లు నెత్తికెక్కాయా?" అని అందరి ముందూ కడిగేశాను.

నేను రిటైరయ్యాక మొన్న ఏదో పని మీద కాలేజీకి వెళ్తే, కొత్తగా చేరిన లెక్చరరు నన్ను ఆ మొక్క దగ్గరికి తీసుకెళ్లాడు.

"రేకు మీదున్న రకానికి ఆకులు చదునుగా ఉంటాయి కదండీ. దీని అంచులు కిందికి ముడుచుకున్నాయి. ఇది శేషాచలం కొండల్లో దొరికే కొండఈతండి."

తడిమి చూశాను. నిజమే. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే ఆటోనగర్ వెళ్లాను. కొట్లో ఆ అమ్మాయే ఉంది.

"నాన్న నమాజుకెళ్లారండి. కూర్చోండి మేడమ్," అంటూ స్టూలు తుడిచింది.

"ఆ రోజు నువ్వు రాసిందే కరెక్టమ్మా. తప్పు నాది. ఎలా కనిపెట్టావే?"

"వేలితోనండి. పుస్తకంలో చదివినట్టే అంచు మడత తగిలింది. ఆయిల్ కారకుండా వేసే రబ్బరు సీళ్లు రెండు ఒకేలా ఉంటే, కళ్లని నమ్మొద్దు, అంచు తడమమంటారు మా నాన్న." నవ్వింది. తర్వాత తల దించుకుంది. "ఆ రోజు ఇంటికెళ్లి, బోటనీ నాకు రాదని చెప్పేశానండి. చదువు మానేశాను."

ఎంత పని చేశాను! నా నోరు పడిపోనూ!

సంచిలోంచి కొత్త రేకు తీసి, పెయింటు పెన్ను చేతికిచ్చాను. గ్రీజు చేతులు తుడుచుకుని మొక్క పేరు రాసింది. కింద 'గుర్తించినవారు' అన్న చోట ఆగింది.

"ఇక్కడ మీ పేరు రాయనా మేడమ్?"

ఇంకా నన్నే అడుగుతోంది.

"కాదమ్మా," అన్నాను. "నీ పేరు."