తెలీదన్న మాట

మలేషియాలోని సుంగై పెటానిలో క్లాంగ్ వెళ్లే బస్సెక్కి అమ్మతో ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే, పక్క సీటులోని అమ్మాయి ముఖం విప్పారింది.

"అక్కా, మీది సిక్కోలా?"

"మా తాతది. నాను ఇక్కడే పుట్టినాను లా," అన్నాను, మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలిస్తూ.

ఆమెది పలాస దగ్గర పల్లె. ఎవరింట్లోనో పనికి వచ్చిందట. పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్లే ఉంచేసుకున్నారని, చెప్పకుండా వచ్చేశానని మెల్లగా చెప్పింది. నేను కట్టుకొచ్చుకున్న పులిహోరలో సగం పెట్టాను. "మాయమ్మ సేసినట్టే ఉందక్కా" అంటూ తింది.

దారిలో బస్సు ఆపి ఇమిగ్రేషన్ వాళ్లు ఎక్కారు. నా గుర్తింపు కార్డు సరిగా చూడకుండానే తిరిగిచ్చేశారు. ఆమె దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

"ఈమె మీ మనిషా?" అని అధికారి నన్ను మలయ్‌లో అడిగాడు.

చెల్లెలని చెబుదామని నోరు తెరిచాను. నన్నూ దింపేస్తారేమోనని ఒక్క క్షణం ఆగాను. ఆలోగా ఆమే వచ్చీరాని మలయ్‌లో, "ఈవిడెవరో నాకు తెలీదు" అనేసింది. నావైపు చూడకుండా వాళ్లతో దిగిపోయింది.

నాకు ముందు కలిగింది ఊరటే. బస్సు కదిలింది. పక్క సీటు ఖాళీగానే ఉన్నా, ఒళ్లోని బరువైన సంచిని క్లాంగ్ వచ్చేదాకా అక్కడ పెట్టలేకపోయాను.