కుక్కలు వెంట ఉంటే పందికి ఏ బోరు?

"రివాల్వర్ లైసెన్సుకి పెడుతున్నానురా. అడవి పందికి ముప్పై రెండు బోరు ఆనుతుందా?" అని మా బావ ఫోన్ చేశాడు. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ అమ్ముకునే నాకు తుపాకుల సంగతేం తెలుసనుకుంటున్నారా? ఎప్పట్నుంచో షూటింగ్ రేంజికి వెళ్తుంటాను, అందుకని చుట్టాలందరికీ నేనే నిపుణుణ్ణి. పోయిన సీజన్లో బావ చెరుకు తోటలో పంది కోరతో చీల్చి ఒక కుక్కని చంపేసింది. ఆ కుక్క తల్లి ఝాన్సీని కూడా పోగొట్టుకోకూడదన్నదే ఆయన పట్టుదల. ఇది ఫోన్లో తేలే విషయం కాదు, చూసి చెప్తానన్నాను.

ఆదివారం పొద్దున్నే విజయవాడలో బందరు బస్సెక్కాను. కంకిపాడు మీదుగా ఉయ్యూరుకి గంట ప్రయాణం, దారిలో చెరుకు ట్రాక్టర్లు తగిలితే ఇంకాస్త పడుతుంది. నాకు తగిలాయి. ఉయ్యూరులో దిగి ఆటో మాట్లాడుకుంటే డ్రైవరు, "చక్కెర ఫ్యాక్టరీ వైపు వద్దండీ, ట్రాక్టర్ల లైను కదలట్లేదు. కాలవ గట్టు మీద పోదాం, నూట యాభై ఇవ్వండి" అన్నాడు. బేరమాడబోయి ఊరుకున్నాను. ఆ గట్టు మీద గాలికి నూట యాభై ఎక్కువేం కాదు.

అక్క పెసరట్లు వేస్తుంటే బావకి నా పాండిత్యమంతా ఒలకబోశాను. "రివాల్వర్లలో మామూలు లైసెన్సుకి దొరికేది ముప్పై రెండే. ముదురు పందికి ఆ సన్న గుండు చాలదు బావా. దెబ్బ తిన్న పంది ఇంకా ప్రమాదం. పెద్ద బోరు తుపాకీ అయితే పడుతుంది గానీ, గుండు పందిని దాటి అవతలికి పోతుంది. ఏదైనా సరే, అటవీ శాఖ అనుమతి లేకుండా పేల్చకూడదు."

"అంటే పెద్దదే మంచిదంటావు" అన్నాడాయన. వినాలనుకున్నదే వింటాడు మా బావ.

"మీ ఇద్దరికీ తుపాకీ గోలే గానీ, ఆ ఝాన్సీ పొద్దుట్నుంచీ ఏం తిన్లేదు" అంటూ అక్క స్టీలు పళ్లెంలో పెరుగన్నం కలిపి, గరిటెతో సహా పట్టుకుని మా వెనకే తోటకి బయల్దేరింది.

ఫ్యాక్టరీ ఇచ్చిన కటింగ్ పర్మిట్ ఆ రోజుతో అయిపోతుందని బావ నాలుగు కూలీల ముఠాలని నాలుగు వైపుల నుంచీ దింపాడు. సాధారణంగా ఒక వైపు నుంచి కొట్టుకుంటూ వెళ్తారు, లోపలున్న జంతువులు రెండో వైపు నుంచి పోతాయి. ఈసారి నడుమ గదంత చెరుకు మిగిలేసరికి లోపల గురక వినపడింది. ఝాన్సీ, మరో రెండు కుక్కలు దూసుకెళ్లి పందిని చుట్టేశాయి. ఆకుల సందులో ఓ క్షణం నల్లటి వీపు, ఓ క్షణం ఝాన్సీ గోధుమరంగు పొట్ట. అవతల కత్తులు పట్టుకుని కూలీలు. బాబోయ్!

అక్క గొంతు చించుకుని అరిచింది. "కాలవ వైపోళ్లంతా పక్కకి తప్పుకోండి!" వాళ్లు చెల్లాచెదురయ్యారు. అప్పుడామె పళ్లేన్ని గరిటెతో టంగుటంగున వాయించింది. "ఝాన్సీ! రావే, బువ్వ!" రెండు కుక్కలు వెంటనే తిరిగాయి. ఝాన్సీ తిరగలేదు. అక్క ఇంకా గట్టిగా వాయిస్తూనే ఉంది, కళ్లలో నీళ్లు. చివరికి అది వెనక్కి వెనక్కి నడుస్తూ, మొరుగుతూనే వచ్చేసింది. దారి దొరికిన పంది గట్టెక్కి తుమ్మల్లోకి పోయింది.

"పోనిచ్చేశావు కదే!" అన్నాడు బావ.

"కుక్కొచ్చిందిగా" అంది అక్క.

సాయంత్రం బస్సు దాకా దింపడానికి వచ్చి బావ మళ్లీ అడిగాడు. "ఇంతకీ ఏ బోరు రాయమంటావురా?"

"ఇందాక నీ చేతిలో తుపాకీ ఉండుంటే ఎటు పేల్చేవాడివి బావా?"

తిరుగు బస్సులో నేను అదే ఆలోచించాను. చిన్న బోరైతే పంది చావక ఝాన్సీ మీద పడేది, పెద్దదైతే పందిని దాటి ఝాన్సీకే తగిలేది. కాపాడుకోవాలని కొనే వస్తువుతోనే దాన్ని చంపుకునేవాళ్లం. రేంజిలో ఇన్నేళ్లు గురి చూసినా, గురికి అవతల ఎవరున్నారని నేనెప్పుడూ ఆలోచించలేదు, ఎందుకంటే అక్కడ ఉండేది గుండ్లని ఆపే ఇసుక కట్టే.

ఇలాంటి తోటకి వెళ్లే ఆలోచన మీకూ ఉంటే ఒక్క మాట. బోరు సంగతి నన్ను అడగక ముందు, పంది ఎదురుగా ఉన్నా పిలిస్తే మీ కుక్క వెనక్కొస్తుందో లేదో చూసుకోండి.