మావయ్యగారి హస్తవాసి

మొన్న మోకాళ్ళ నొప్పులకని పాలకొల్లులో మందుల షాపుకి వెళితే, షాపాయన అలవాటుగా ఓ మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. కళ్ళజోడు సర్దుకుని పేరు చదివాను. చదివి, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఊళ్ళో సగం మంది ఇవే వాడతారండి, ఏం భయం లేదండి" అన్నాడాయన. మనుషులకి అది మంచి మందే కావచ్చు, నేను కాదనను. కానీ ఆ పేరు మొదటిసారి చదివిన పొద్దున్న మా అరుగు మీద తిన్న దెబ్బ నాకింకా మానలేదు. వేరే మందేదైనా ఇమ్మని అడిగి తీసుకుని బస్సెక్కాను.

మా మావయ్యగారు, అంటే మా ఆయన తండ్రి, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైంది ఉద్యోగమే గానీ ఆయన చెయ్యి కాదు. తొంభైల మొదట్లో నేను కాపురానికి వచ్చేసరికే నాలుగైదు ఊళ్ళవాళ్ళు డాక్టరుని వదిలేసి ఆయన కోసం మా అరుగు మీద కాసుక్కూర్చునేవారు. "మీ హస్తవాసి మంచిదండి" అని ఎవరైనా అంటే "నాదేముందండి, పశువు అదృష్టం" అనేవారు గానీ, ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువే తినేవారు.

మా అత్తగారికి ప్రపంచంలో ఉన్నది ఒక్కటే భయం, రాబందు. మా దొడ్డి వెనక కాలవగట్టున వరసగా తాడిచెట్లు, కాలవ అవతల చచ్చిన పశువుల్ని పడేసే బీడు. పొద్దున్న ఓ గేదెని అక్కడ వదిలితే సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. తిన్న రాబందులు మా తాడిచెట్లెక్కి, పెళ్ళిభోజనం చేసిన పెద్దమనుషుల్లా కదలకుండా కూర్చునేవి. రాబందు వాలిన ఇల్లు పాడుపెట్టాలని ఆవిడ పట్టింపు. నేనొచ్చిన రెండో ఏడు ఒకటి నిజంగానే మా పెంకుటింటి కొప్పు మీద వాలింది. అంతే, శాంతి చేయించేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికి వీల్లేదన్నారు. పదకొండు రోజులు అందరం గొడ్లపాకలో కాపురమున్నాం. "తిన్నది అరక్క కూర్చుందే పాపం, అది మనిల్లని దానికి తెలుసా ఏంటి?" అని మావయ్యగారు ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. పైగా, ఈ పక్షులు మా చెట్లు వదిలిపోతే కోరుకొండ మెట్లెక్కి నరసింహస్వామికి కొబ్బరికాయలు కొడతానని మొక్కుకున్నారు.

ఆ తర్వాత కొన్నేళ్ళకే కొత్త నొప్పి సూది వచ్చింది. పొదుగు వాచిన గేదె, కాలు కుంటుతున్న ఎద్దు, ఏదైనా సరే, సూది పడ్డ కాసేపటికి తేరుకుని మేత ముట్టేది. మావయ్యగారి పేరు మోగిపోయింది. ఆఖరి రోజుల్లో ఉన్న ముసలి పశువులకి కూడా అడక్కుండానే పొడిచేవారు. "చావెలాగూ తప్పదు, నెప్పెందుకండి దానికి?" అనేవారు. ఆ మాటకి నేనెంత గర్వపడేదాన్నో చెప్పలేను.

తాడిచెట్ల మీద పక్షులు తగ్గడం ముందుగా గమనించింది అత్తగారే. రోజూ భయంతో లెక్కపెట్టేది ఆవిడే కదా. మెడలు వేలాడేసుకుని కునుకుతున్నాయని ఓ రోజు, చెట్టు కింద ఒకటి చచ్చిపడి ఉందని ఇంకో రోజు వచ్చి చెప్పేవారు. మేమెవరం పట్టించుకోలేదు. ఓ ఏడాదికి చెట్లు ఖాళీ అయిపోయాయి. స్వామి తన మొర విన్నాడని మురిసిపోయి, నా భుజం పట్టుకుని కోరుకొండ మెట్లన్నీ ఎక్కారు అత్తగారు. ఆ కొబ్బరిముక్క నేనూ కళ్ళకద్దుకుని తిన్నాను.

మరుసటేడు మా తెల్లావు పడిపోయింది. మా పెద్దపిల్ల దాని పాలతోనే పెరిగింది. రెండ్రోజులు అది మూలుగుతుంటే వినలేక, "మావయ్యగారూ, మీ సూది పొడవండి" అని ఏడ్చింది నేనే. పొడిచారు. మర్నాడు నెమ్మదిగా ప్రాణం విడిచింది. బీడులో వదిలొచ్చారు. ఆ రోజు రెక్కల చప్పుడు లేదు. మర్నాడూ లేదు. మూడోనాటికి గాలి ఇటు తిరిగితే ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. నాలుగోనాడు ఉండబట్టలేక కాలవ దాటి వెళ్ళి, అక్కడే కొయ్యబారిపోయాను. ఎక్కడెక్కడి ఊరకుక్కలో, మందలు మందలు, మా ఆవు మీద పడి కొట్టుకుంటున్నాయి. ఒకటి నా వైపు తిరిగి పళ్ళు బయటపెట్టింది. తలెత్తి చూస్తే ఆకాశంలో ఒక్క రెక్క లేదు. ఉత్త ఆకాశాన్ని చూసి భయపడడం నాకదే మొదటిసారి.

ఇంకో రెండుమూడేళ్ళకి సంగతి తెలిసింది. మావయ్యగారి కళ్ళకి శుక్లాలొస్తే, పొద్దున్నే అరుగు మీద పేపరు నేనే చదివి వినిపించేదాన్ని. ఆ రోజు లోపలి పేజీలో రాబందుల వార్త. దేశమంతా చచ్చిపోతున్నాయట. పశువులకి పొడిచే ఒక నొప్పి మందు వల్లనట. ఆ సూది పడ్డ పశువు వెంటనే చస్తే, దాన్ని తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడై ప్రాణం పోతుందట. మందు పేరు కూడబలుక్కుని చదివాను. "మళ్ళీ చదువమ్మా" అన్నారు. చదివాను. ఆయన లేచి తడుముకుంటూ లోపలికెళ్ళి, గూట్లోంచి సూదిమందు సీసా తెచ్చి నా చేతికిచ్చారు. "దీని మీదేముందో చెప్పు" అన్నారు. అదే పేరు. ఉన్నదున్నట్టు చదివేశాను. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది ఇంకెవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నారు. "మంచి హస్తవాసి" అన్నారు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న అత్తగారు, "అయితే నా మొక్కు తీర్చింది మీరాండీ?" అన్నారు. అది వేళాకోళం కాదు. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

మావయ్యగారు మళ్ళీ ఆ సీసా ముట్టలేదు. ఆ సూది వద్దని, ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని ఊరూరా తిరిగి చెప్పారు. "పక్షుల కోసం పశువుని ఏడిపించమంటారాండీ?" అని అడిగితే మాత్రం లేచి పక్క ఊరి దారి పట్టేవారు. అత్తగారు ఇంకోసారి కోరుకొండ వెళ్ళి, తీరిపోయిన మొక్కుని వెనక్కి తీసుకోవచ్చా అని పూజారిగారిని అడిగారు. అలాంటి విధి ఏదీ తనకి తెలియదన్నారట ఆయన.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. తాడిచెట్లు ఉన్నాయి. సాయంత్రం బట్టలు తీయడానికి వెళ్ళినప్పుడల్లా నా చూపు వాటి మీదికి వెళుతూనే ఉంటుంది. ఈ ఇరవయ్యేళ్ళలో మా ఇంటి కొప్పు మీద ఒక్క రాబందూ వాలలేదు. మా అత్తగారి లెక్కన చూస్తే, మా ఇల్లు ఇంత క్షేమంగా ఎప్పుడూ లేదు.