మూడు మూరల పరదాలు

సుగుణమ్మ పెళ్లయి ఆళ్లగడ్డకు వచ్చిన మరుసటి ఏడు వానలు మొగం చాటేశాయి. ఉన్న కాస్త నేలకు ఇద్దరు అన్నదమ్ములు ఎక్కువని, సేద్యం పెద్దవాడు రంగయ్యకు వదిలేసి, ఆమె మొగుడు మహానందయ్య నంద్యాలలో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరాడు. 1955 నాటి మాట. పడక ఆ కొట్లోనే, దూది బేళ్ల పక్కన. పెళ్లాన్ని తీసుకుపోయి పెట్టడానికి చోటు లేదు. పండక్కొకసారి వచ్చేవాడు, తెల్లారి మొదటి బస్సుకే పోయేవాడు. అతను పోయిన రోజు సుగుణమ్మ దుప్పటి మడత పెట్టేది కాదు.

రెండేళ్లు అట్లా గడిచాక, పక్కింటి శేషయ్య నంద్యాలలో వేరుశనగ అమ్ముకొని వస్తూ కబురు మోసుకొచ్చాడు. అరుగు మీద కూర్చొని, చెంబెడు నీళ్లు తాగి చెప్పాడు.

"మీ ఆయన బాడుగకు ఇల్లు మాట్లాడినాడమ్మా. వీధి పక్క రెండు కిటికీలుండాయి. పొయ్యేటోళ్లు వచ్చేటోళ్లు లోపలికి చూస్తాండారంట. పరదాలు కుట్టి పెట్టుకోమన్నాడు. ఎత్తు మూడు మూరలు, వెడల్పు రెండు. వచ్చే నెల వచ్చి పిల్చుకపోతాడంట."

సుగుణమ్మ ఖాళీ చెంబు అందుకుంది. తర్వాత అడిగింది. "ఎవరి మూర, మామా?"

"మూరంటే మూరే గదమ్మా! కిటికీకి చెయ్యి ఆనించి కొలిచినాడు. నేను చూస్తిని."

ఆమె లోపలికి పోయి, మోచేతి నుంచి నడిమివేలి కొసదాకా తన చెయ్యి చూసుకుంది. ఈ చేత్తో కొలిస్తే పరదా పొట్టిదవుతుంది. పెళ్లయిన కొత్తలో మిద్దె మీద కూర్చున్నప్పుడు అతను ఒకసారి తన చేతిని ఆమె చేతికి ఆనించి, "ఇంతేనా నీ చెయ్యి!" అని నవ్వాడు. తన వేలి కొస అతని వేలి మీద ఎక్కడ ఆగింది? మొదటి గణుపు దగ్గరా, రెండో గణుపు దగ్గరా? ఆ వెచ్చదనం గుర్తుంది. గోరు మీది సున్నం మరక గుర్తుంది. ఆగిన చోటు మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఇది మరిచిపోతే ఇంకా ఏమేం మరిచిపోయానో అని ఆమెకు ఏడుపొచ్చింది.

"ఏందీ, చెయ్యి చూసుకొని ఏడుస్తాండావ్?" అంది అత్త నరసమ్మ, పొయ్యి దగ్గర నుంచి. గట్టి ఎముకల మనిషి, మాట అంతకన్నా గట్టి.

చెప్పక తప్పలేదు. నరసమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకొని ముందుకు చాపింది.

"వానికి నా చెయ్యే వచ్చింది. కొలుచుకో."

కోడలు గుడ్డ పరిచింది. తెల్ల పూల నీలం గుడ్డ. అత్త మోచేతిని కొసకు ఆనించి వేలి దగ్గర బొగ్గుతో గీత గీయబోతే నరసమ్మ ఆపింది.

"ఆగు. వాడు నాకన్నా పొడుగు. మూరకు రెండు వేళ్లు కలుపు. సంగటి ముద్ద వాని చేతిలో నిమ్మకాయంత అగపడేది."

ఇన్నేళ్లలో అత్త అంత మెత్తగా మాట్లాడడం సుగుణమ్మ వినలేదు. మారుమాట లేకుండా కలిపింది. కిటికీ అంతే వెడల్పు కోస్తే కుచ్చు నిలవదు, గాలికి పక్కన సందు పడుతుంది. అందుకని వెడల్పు ఒకటిన్నర రెట్లు తీసుకుంది. పైన తాడు దూర్చడానికీ, కింద మడతకూ కొంత వదిలి చేత్తోనే కుట్టింది.

వచ్చే నెల అన్నవాడు రాలేదు. పత్తి వచ్చే రోజులు, షావుకారు పంపలేదు. సుగుణమ్మ పరదాలు పెట్టెలో పెట్టింది. పని లేని మధ్యాహ్నం ఒకటి తీసి దండెం మీద వేసి, దాని వెనక కూర్చునేది. నీలంగా వచ్చే ఆ వెలుతురులో, అవతల ఉన్నది నంద్యాల వీధే అనుకునేది. నరసమ్మ చూసీ చూడనట్టు పోయేది.

ఉగాది పోయాక వచ్చాడు. కొత్తింట్లో పాలు పొంగించడానికి నరసమ్మ కూడా బస్సెక్కింది. మహానందయ్య తాడు కట్టి పరదా వేలాడదీస్తే, అది కిటికీ గట్టు దాటి బెత్తెడు పైగా కిందికి దిగింది.

"ఎవరి చెయ్యి పెట్టి కొలిచినారు?"

"నీదే," అంది సుగుణమ్మ.

అతను చెయ్యి చాపాడు. నరసమ్మ తన చెయ్యి పక్కన పెట్టింది. రెండూ సరిసమానం. ఆమె ఒక నిమిషం ఆ చేతుల్నే చూసి, "తిండి సరిగ్గా లేక తగ్గినావు," అంది.

"చెయ్యి యాడన్నా తగ్గుతాదామ్మా!" అని నవ్వుతూ కత్తెర అందుకోబోయాడు. సుగుణమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"కోయద్దు. ఉతికితే గుడ్డ ముడుచుకుంటాది."

ఆమె అన్నట్టే, రెండు ఉతుకులకు పరదాలు గట్టు మీదికి సరిగ్గా వచ్చాయి. మూడేళ్లు ఆ ఇంట్లో కాపురం చేశారు. అతను పొద్దున తెల్ల చొక్కా తొడుక్కొని కొట్టుకు పోతే దీపాలు పెట్టాకే వచ్చేవాడు. ఇక్కడికి వస్తే ఎదురుచూపు తీరుతుందనుకుంది సుగుణమ్మ. మధ్యాహ్నం వీధి సద్దుమణిగాక ఒక వేలితో పరదా అంచు తొలగించి నిలబడేది. ఆ వేళకు అతను రాడని తెలుసు. అయినా వీధి చివర తెల్ల చొక్కా ఏదైనా కనబడితే, అది మలుపు తిరిగేదాకా చూసేది.