ఐలేశ్ మూడో కుర్చీ

జనగామ బస్టాండు దగ్గర బాలనర్సయ్య కటింగ్ షాపులో మూడు కుర్చీలుండేవి. మొదటి రెండూ ఖాళీగా ఉన్నా మూడో కుర్చీ దగ్గర మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరు తమ వంతు కోసం కాచుకుని ఉండేవారు. ఎందుకంటే ఆ కుర్చీ వెనుక నిలబడేది ఐలేశ్. "ఐలేశ్ ఉన్నడా?" అని గుమ్మంలోంచే అడిగి, లేడంటే చెప్పులు కూడా విడవకుండా వెనక్కి తిరిగేవాళ్లు బోలెడుమంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనిది ఒక్క ఐలేశ్‌కే.

అతని దృష్టిలో ఆ గిరాకీ అంతా బాలనర్సయ్యది. అద్దం ఆయనది, కుర్చీ ఆయనది, గోడకున్న ఫ్యాను ఆయనది. తనది నెల జీతం. బాలనర్సయ్య వరసకు బాబాయి, ఐలేశ్ కాక అని పిలిచేవాడు. ఆయన కత్తి పట్టి ఏళ్లయింది. భుజాన తువ్వాలుతో గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లతో ముచ్చట్లు పెట్టడమే పని. మంగళవారం ఊళ్లో కటింగ్ షాపులన్నీ మూసేస్తారు గదా, ఐలేశ్ ఆ రోజు కూడా వెళ్లి తువ్వాళ్లు ఉతికి ఆరేసి వచ్చేవాడు. ఉతకమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

అతని తండ్రి పల్లెలో కత్తుల పొది చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి గడ్డాలు గీసేవాడు. ఏడాదికోసారి కల్లాల దగ్గర నిలబడి వడ్ల కోసం చేయి చాపేవాడు. అది చూసి పెరిగినవాడికి జీతమే పెద్ద మర్యాదగా కనబడింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

భార్య నీరజకు మాత్రం ఒళ్లు మండేది. ఆమె ఇంటి అరుగు మీద మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఎవరైనా ఎక్కువ మాట్లాడితే బట్ట మడిచి చేతిలో పెట్టి పంపేది. నువ్వూ సొంతంగా పెట్టుకో అని ఆమె పోరినప్పుడల్లా ఐలేశ్ దగ్గర ఒకటే సమాధానం. "జరమొచ్చి పండుకుంటె జీతమొస్తది. సొంతానికి పండుకుంటె ఏమొస్తది?" మాట నిజమే. కానీ అతను జ్వరమొచ్చి పడుకున్న రోజు ఒక్కటీ లేదు.

ఆ ఏడు నీరజ అన్న వెంకటేశ్ మహబూబాబాద్‌లో కొత్తిల్లు కట్టుకుని ఒక ఆదివారం పాలు పొంగించాడు. ఆమె పుట్టిల్లు అదే. ఆ ఊరిని ఆమె మానుకోట అనే అంటుంది. వెళదామంటే "కాకను అడగాలె" అన్నాడు ఐలేశ్. అడిగాడు కూడా. "ఆదివారం గిరాకి ఇడిచిపెట్టి ఎట్ల పోతవ్‌రా?" అన్నాడు కాక. నీరజ ఒక్కతే రైలెక్కి వెళ్లింది. మీ ఆయన ఏడీ అని అడిగినవాళ్లకు అక్కడ ఏం చెప్పిందోగానీ, తిరిగొచ్చాక మొగుడికి మాత్రం ఒకే మాట చెప్పింది.

"రేపు దగ్గొచ్చినా గాయినను అడిగే దగ్గు."

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చిపడింది. బళ్లు, ఆఫీసులు, బస్సులు అన్నీ బంద్. తెలంగాణ కోసం ఎవరికి చేతనైనది వాళ్లు రోడ్డు మీదికి తెచ్చారు. పొయ్యిలు తెచ్చి వంటలు చేశారు, బతుకమ్మలు తెచ్చి ఆడారు. జనగామ చౌరస్తాలో జేఏసీ వాళ్లు అరగుండు నిరసన అన్నారు. సగం తల గీయించుకుని ఢిల్లీకి తమ కోపం చూపిస్తారట. తలలు కావలసినన్ని దొరికాయి, గీసేవాడే దొరకలేదు. షాపులవాళ్లంతా పోలీసులకు జంకారు.

సమ్మెలో ఉన్న ఎల్లస్వామి అనే టీచరు షాపుకొచ్చి ఐలేశ్‌ను అడిగాడు. ఐలేశ్ అలవాటుగా గల్లా వైపు చూశాడు.

"తెలంగాణ నాకు గూడ గావాలె సారూ" అన్నాడు బాలనర్సయ్య. "గని రేపు పోలీసోళ్లు నా షాపు ముంగట నిలవడ్తరు. మావోడు రాడు."

వస్తానో రానో తనను కదా అడిగింది! ఆ "రాడు" అన్న మాట ఐలేశ్‌కు ఇల్లు చేరేదాకా గుచ్చుకుంటూనే ఉంది. మర్నాటి నుంచి రెండు రోజులు ఊరంతా బంద్. షాపు మూసి ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎవరినీ అడక్కుండా, కత్తీ కత్తెరా సంచిలో వేసుకుని అతను చౌరస్తాకు నడిచాడు.

రోడ్డు మధ్య అందరూ వరసగా కూర్చున్నారు. కొందరు కుడి సగమన్నారు, కొందరు ఎడమ సగమన్నారు. "మీకైతె సగం పని ముందుగాలనే అయింది సారూ" అని ఐలేశ్ ఎల్లస్వామి బట్టతలను చూసి అంటే మైకు పట్టుకున్నవాడు కూడా నవ్వాడు. ఒక్కో తల పూర్తవుతుంటే డప్పులు, చప్పట్లు. తన పనికి జనం చప్పట్లు కొట్టడం ఐలేశ్ ఎన్నడూ వినలేదు. గుండె పొంగిపోయింది.

అప్పుడే బాలనర్సయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఓరి ఐలేశా! ఎవల్నడిగి వచ్చినవ్‌రా?"

ఐలేశ్ కత్తి కింద వంచి ఉన్న తల మెల్లగా పైకి లేచింది. ఒక పక్క నున్నగా మెరుస్తోంది, ఒక పక్క ఉంగరాల జుట్టు. ఆ తల బాలనర్సయ్య కొడుకు శ్రీశైలానిది.

"నేనే గియ్యమన్న బాపూ" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. బాలనర్సయ్య ముఖం కందగడ్డయింది. కొడుకును ఏమీ అనలేక ఐలేశ్ మీద విరుచుకుపడ్డాడు. "రేపటి సంది నా షాపు గడప తొక్కకు!" అనేసి వెళ్లిపోయాడు.

"మాది సర్కారు మీద సమ్మె. మా నౌకరి ఏడికీ పోదు" అన్నాడు ఎల్లస్వామి నొచ్చుకుంటూ. "నీ నౌకరేమో మా గుండ్లతోటి పాయె."

ఐలేశ్ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. బంద్ అయిపోయాక పొద్దున లేచి ఎటు వెళ్లాలో తెలియడం లేదు. నీరజ తిడుతుందనుకున్నాడు.

"కత్తి తెచ్చుకున్నవా, గాడనే ఇడిచిపెట్టినవా?" అని అడిగింది.

"తెచ్చుకున్న."

"మరింకేంది?" అని మళ్లీ మిషను తొక్కసాగింది.

అరగుండ్లవాళ్లు ఒక్క సంగతి ఆలోచించలేదు. మిగతా సగం మాటేమిటి? తెలంగాణ వచ్చేదాకా ఇలాగే ఉంటామని మైకులో ఒట్టు పెట్టుకున్నవాళ్లు సైతం ఇంటికెళ్లి అద్దం చూసుకున్నాక మెత్తబడ్డారు. పసిపిల్లలు జడుసుకున్నారు. ఒకాయనకు ఆ వారమే అత్తగారింట్లో దావత్. షాపులేమో బంద్. మర్నాడు పొద్దున్నే తలలకు తువ్వాళ్లు చుట్టుకుని ఒక్కొక్కరే ఐలేశ్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. షట్టరే లేనివాడికి బంద్ ఏముంది! నీరజ తను కూర్చునే స్టూలు తెచ్చి వాకిట్లో వేపచెట్టు కింద వేసింది. ఇంట్లో అద్దం తెచ్చి చెట్టుకు కట్టింది. మధ్యాహ్నానికి వాకిలి జాతరయింది. గుండ్లవాళ్లకు తోడుగా వచ్చినవాళ్లు కూడా గడ్డాలు గీయించుకున్నారు. ఇన్నేళ్లూ వీళ్లంతా తన చేతి కోసమే వచ్చారని ఐలేశ్‌కు అప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

సాయంత్రం శ్రీశైలం వచ్చాడు, వెనకాలే బాలనర్సయ్య. కొడుకు తల తనే పూర్తి చేద్దామని ఇంట్లో కూర్చున్నాడట. చెవి పైన పడ్డ గాట్లు చూస్తే ఆ పని ఎంతవరకు వచ్చిందో తెలుస్తోంది. ఐలేశ్ ఆ గాట్లకు పటిక రుద్ది, మిగిలిన సగం నున్నగా గీశాడు. బాలనర్సయ్య ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"కోపంల ఏదో అన్న లేరా" అన్నాడు చివరికి. "బంద్ అయిపోయినంక రా. నీ కుర్చీ నీకే ఉన్నది."

నిన్న ఈ మాట అని ఉంటే ఐలేశ్ ఆయన కాళ్ల మీద పడేవాడు. అరుగు మీద మిషను చప్పుడు ఆగింది. స్టూలు లేక డబ్బా మీద కూర్చుని కుడుతున్న నీరజ, బట్ట చేతిలో పట్టుకుని అటే చూస్తోంది.

"నాదే అంటున్నవ్ గద కాకా" అన్నాడు ఐలేశ్ కత్తి తుడుస్తూ. "గట్లయితె గా కుర్చీ నాకియ్యి. ఈడ ఏసుకుంట."

బాలనర్సయ్య చెట్టుకు కట్టిన అద్దం చూశాడు, కొడుకు గుండు చూశాడు.

"దాని ఎడమ కాలు కుంటిది" అన్నాడు. "కింద చెక్కముక్క పెట్టు. మర్సిపోకు."

కుర్చీని శ్రీశైలమే తోపుడు బండి మీద తెచ్చాడు. సమ్మె ముగిసి, బడులు తెరిచి, గుండ్ల మీద జుట్లు మళ్లీ మొలిచేనాటికి చెట్టు కింద రేకుల కప్పు కూడా లేచింది.

ఒక శనివారం సాయంత్రం నీరజ అడిగింది. "అన్న కొత్తిల్లు నువ్వింక చూడనే లేదు. రేపు మానుకోటకు పోదమా? ఇప్పుడు ఎవ్వర్నీ అడిగే పని లేకపాయె."

"రేపు ఆదివారం. గిరాకి ఇడిచిపెట్టి ఎట్లొస్త?"

నీరజ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎవలియ్యలేదు సెలవు? మీ కాకనా?"

ఐలేశ్ వంగి కుర్చీ కాలి కింద చెక్కముక్క సరిచేశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నేనే ఇయ్యలేదు" అన్నాడు.