ట్యూనీషియాలో మా మొదటి వారం

మొన్న రాజోలు వెళ్దామని అమలాపురం బస్టాండులో నిలబడి ఉంటే, వీపులకు పెద్ద పెద్ద సంచులు తగిలించుకున్న ఒక కుర్ర జంట వచ్చి అంతర్వేది బస్సు ఎక్కడాగుతుందని అడిగారు. చెప్పి పంపించానే గానీ, ఆ సంచుల వంకే చూస్తూ నా బస్సు కాస్తా వదిలేసుకున్నాను. విదేశీ తపాలా బిళ్ళల ఉత్తరం కోసం పోస్టుమాను దారి కాచిన ఆడవాళ్ళు మీలో ఉంటే నా పరధ్యానాన్ని క్షమిస్తారు.

ఎనభైల మొదట్లో మావారు లిబియాలో రోడ్లు వేసే కంపెనీలో సర్వేయరు. పెళ్ళయి మూడేళ్ళయినా మేం కలిసి ఉన్నది గట్టిగా రెండు నెలలు లేదు. ఆయన చేతిరాత తెలిసినంతగా ముఖం తెలియదు నాకు. కాంట్రాక్టు ముగిశాక నేరుగా ఇంటికి రాకుండా, ట్యూనీషియా ఊళ్ళు చూసి కలిసి వద్దామంటూ నాకే టిక్కెట్టు పంపారు. అత్తగారు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మావగారు మాత్రం కొత్తపేటలో ఎవరినో అడిగి అట్లాసు తెచ్చి, ఆ దేశం మీద వేలు పెట్టి, "వెళ్ళిరామ్మా, మాకెవరికీ రాలేదు ఇలాంటి అవకాశం" అన్నారు.

ట్యూనిస్ విమానాశ్రయంలో గడ్డం మనిషెవరో నా పెట్టె అందుకోబోతే గట్టిగా లాక్కున్నాను. ఆయనే మావారు!

పెట్టె హోటల్లో ఉంచేసి, కావలసినవి రెండు కాన్వాసు సంచుల్లో సర్ది, ఒకటి నా వీపుకు తగిలించారు. చీర మీద ఆ సంచితో పైట జారకుండా చూసుకోవడానికే నాకు ట్యూనిసంతా సరిపోయింది. అక్కణ్ణుంచి సూస్ వెళ్ళే రైల్లో కిటికీ అవతల మైళ్ళ కొద్దీ ఆలివ్ తోటలు, పొట్టిగా, దుమ్ము రంగులో. ఆయన రోడ్ల గురించీ, బావుల లోతుల గురించీ చెబుతుంటే నేను ఆయ్, ఆయ్ అనేదాన్ని. అక్కడితో మాటలైపోయేవి. ఉత్తరాల్లో పేజీలకు పేజీలు రాసుకున్న వాళ్ళం, ఎదురెదురుగా కూర్చుని చూపు కలపకుండా రొట్టె తుంచుకుని తినేవాళ్ళం. ఇంకా నలభయ్యేళ్ళు ఇలాగే గడవాలా అని సూస్‌లో సముద్రం ఒడ్డున నాకు బెంగ పట్టుకుంది.

ఐదో రోజు కైరవాన్. తివాచీల బజారులో ఆయన వెనకే నడుస్తూ, మగ్గం ముందు కూర్చున్న ఒక ముసలావిడ వేళ్ళ చురుకు చూస్తూ నిలబడిపోయాను. తలెత్తేసరికి ఆయన లేరు. ఏవండీ అని పిలిచాను. ఇంకా గట్టిగా పిలిచాను. ఏ సందు చూసినా అవే తెల్లటి గోడలు, అవే నీలం తలుపులు. పాస్‌పోర్టు ఆయన దగ్గర, బస పేరు నాకు తెలియదు. చాలాసేపు తిరిగి తిరిగి ఆ ముసలావిడ దగ్గరికే వచ్చి పడ్డాను.

ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, టీ ఇచ్చి, గుండె మీద చెయ్యేసుకుని తన పేరు చెప్పింది. నేనూ చెప్పాను. తరవాత చేత్తో గడ్డం అభినయించి నావైపు చూసింది. గృహప్రవేశం నాడు ఆడబిడ్డలు పట్టుబడితే గొణగడమే తప్ప మళ్ళీ నా నోట రాని ఆ పేరు చెప్పాను. ఆవిడ వీధిలోకి వెళ్ళి, వచ్చీరాని ఉచ్చారణతో దాన్ని పెద్ద కేక వేసింది. ఎదురు కొట్టతను అందుకున్నాడు, ఆ పైకొట్టతను అందుకున్నాడు. ఆ పేరు సందు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. నేనూ లేచి, పైట నడుముకు దోపుకుని, గొంతెత్తి పిలిచాను.

ఆయన పరుగున వచ్చారు.

"నువ్వేనా పిలిచింది?"

"ఆయ్. తప్పయిపోయిందండీ."

"తప్పేంటి! ఊరంతా పిలిచేరు గానీ, నీ గొంతు పట్టుకునే వచ్చేను. మళ్ళీ ఓసారి పిలువు."

పిలిచాను. ముసలావిడ పడీపడీ నవ్వింది. మిగిలిన రెండు రోజులూ స్ఫాక్స్‌లో పేరుతోనే పిలుస్తూ, ఆయన గడ్డాన్ని వెక్కిరిస్తూ, మూడేళ్ళ కబుర్లన్నీ చెప్పుకున్నాం. ఇంటికొచ్చి గుమ్మంలో అత్తగారిని చూడగానే మళ్ళీ ఏవండీలోకి వచ్చేశాను.

ఇప్పుడు మా అమ్మాయి మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఎవరూ తలెత్తి కూడా చూడరు. నన్ను తప్పుపట్టేవాళ్ళూ ఎవరూ మిగల్లేదు. ఆయనకు చెవులు మందగించాయి, పేపరు చదువుకుంటుంటే ఏవండీ అన్న పిలుపు వినబడదు. అప్పుడు ఆ పేరు నా నోటిదాకా వస్తుంది. ఎందుకో మరి, లేచి వెళ్ళి భుజం తట్టి వస్తాను.